హైదరాబాదులో విస్కీ రుచి చూసి సమీక్షించడం ఎలా: చవక బోర్బన్ మొదలు 21 ఏళ్ల స్కాచ్ బ్లెండ్ దాకా

విస్కీ ఎలా ఉందని అడిగితే మన దగ్గర ఎక్కువమంది నోట వచ్చే జవాబులు రెండే: ఒకటి "స్మూత్‌గా ఉంది", రెండోది "గొంతు మండింది". ఈ రెండూ ఆల్కహాల్ ఎంత గుచ్చిందో చెబుతాయే తప్ప ఆ సీసాలో ఏముందో చెప్పవు. నాలుగేళ్ల బోర్బన్‌కూ (అమెరికా విస్కీ) పద్దెనిమిదేళ్ల స్కాచ్ బ్లెండ్‌కూ (స్కాట్లాండ్‌లో పలు విస్కీలను కలిపి చేసినది) ఉన్న తేడాను మాటల్లో పెట్టాలంటే ముక్కుకూ నాలుకకూ సాధన కావాలి, ఆ సాధనకు ఒక క్రమం కావాలి. ఆ క్రమాన్ని హైదరాబాదులో, సొంత ఇంట్లో, ఇక్కడి వైన్ షాపుల్లో దొరికే సీసాలతో పాటించడానికి వీలుగా ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. విస్కీ గుణం ఒక్క గ్లాసులో బయటపడదు, పక్కన మరో గ్లాసు ఉన్నప్పుడే బయటపడుతుంది. ఒక బోర్బన్‌ను ఒంటరిగా తాగితే "తియ్యగా ఉంది" అనిపిస్తుంది. దాని పక్కన మరో బోర్బన్ పెడితే ఆ తీపి మొక్కజొన్నదా, పీపా చెక్కదా అన్న ప్రశ్న తనంతట తానే పుడుతుంది. అందువల్ల ఇక్కడ చెప్పే ప్రతి మెట్టూ రెండు లేదా మూడు గ్లాసులను పోల్చడం మీదే నిలబడి ఉంటుంది.

తెలంగాణలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండి ఉండాలి. రుచి చూసే రోజున బండి తీయకూడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. గ్లాసుకు 15 మిల్లీలీటర్లు, అంటే చిన్న పెగ్గులో సగం చాలు. ఒక పూట మూడు, మహా అయితే నాలుగు గ్లాసులకు మించితే ముక్కు మొద్దుబారుతుంది, ఆ తరువాత రాసిన దానికి విలువ ఉండదు. రుచి చూసి ఉమ్మేయడం ఈ వృత్తిలో ఉన్నవారు మామూలుగా చేసే పనే కనుక పక్కన ఒక ఖాళీ గిన్నె పెట్టుకోవడానికి సంకోచించనక్కర లేదు.

సీసా మీది మాటలను చదవడం

దేన్ని దేనితో పోల్చాలో తెలియాలంటే ముందు లేబుల్ చదవడం రావాలి. బోర్బన్ అన్న పేరు పెట్టుకోవాలంటే అది అమెరికాలోనే తయారు కావాలి, ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపలి వైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే దాన్ని నిల్వ చేయాలి. బట్టీ పట్టేటప్పుడు 80 శాతం ఆల్కహాల్‌ను, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతాన్ని మించకూడదు. రంగు గాని, రుచినిచ్చే పదార్థం గాని కలపకూడదు. కెంటకీలోనే చేయాలన్న నియమం మాత్రం లేదు. "స్ట్రెయిట్" అన్న మాట కనబడితే కనీసం రెండేళ్లు పీపాలో ఉందని అర్థం. "బాటిల్డ్ ఇన్ బాండ్" అని ఉంటే అది 1897 నాటి చట్టానికి లోబడినది: ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో బట్టీ పట్టి, కనీసం నాలుగేళ్లు ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్న గోదాములో ఉంచి, సరిగ్గా 50 శాతం బలంతో సీసాలో నింపినది.

స్కాచ్ సంగతి వేరు. 2009 నాటి నిబంధనల ప్రకారం అది స్కాట్లాండ్‌లో, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఉండాలి. సీసాలో కనీసం 40 శాతం ఆల్కహాల్ ఉండాలి. నీళ్లు, రంగు కోసం వాడే సాదా క్యారమెల్ తప్ప మరేదీ కలపకూడదు. అందులో అయిదు రకాలున్నాయి: సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, ఇక మనం ఎక్కువగా చూసే బ్లెండెడ్ స్కాచ్. ఈ చివరి దానిలో మాల్ట్ విస్కీలూ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో చేసినవి), గ్రెయిన్ విస్కీలూ (గోధుమ, మొక్కజొన్న వంటి ఇతర ధాన్యాలు కూడా వాడి చేసినవి) కలిసి ఉంటాయి. లేబుల్ మీద 12 అని ఉంటే అది సగటు వయసు కాదు. కలిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు. 21 అని ఉన్న బ్లెండ్‌లో మాల్టే కాదు, గ్రెయిన్ విస్కీ కూడా 21 ఏళ్లు పీపాలో ఉండవలసిందే. ఏళ్లు నిండిన బ్లెండ్ల ధరకు ఇదొక ముఖ్య కారణం.

ఆల్కహాల్ శాతాన్ని తప్పకుండా చూసి రాసుకోవాలి. మన దేశంలో అమ్మే చాలా సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. అదే పేరుతో శంషాబాద్ విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా మీద 40 ఉండవచ్చు, 43 ఉండవచ్చు. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు గనుక హైదరాబాదు ఇళ్లలో ఈ రెండు రకాల సీసాలూ ఉంటాయి. సమీక్షలో ఏది ఎక్కడ కొన్నదో చెప్పకపోతే చదివేవారు తమ సీసాతో పోల్చుకోలేరు. నగరంలో కొనేటప్పుడు మూత మీద ఎక్సైజ్ శాఖ హోలోగ్రామ్ లేబుల్ చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసి, బిల్లు అడిగి తీసుకోవాలి. పరిచయస్తులు ఎవరో తెచ్చి ఇచ్చిన, సీలు మీద అనుమానం ఉన్న సీసాను సమీక్షకు వాడకూడదు.

గది, గ్లాసు, నీళ్లు

హైదరాబాదు ఎండాకాలంలో ఏసీ లేని గదిలో విస్కీ వాసన చూడటం దాదాపు అసాధ్యం. గది 35 డిగ్రీలు దాటితే ఆల్కహాల్ ఆవిరి ముందుగా పైకి లేచి, మిగతా వాసనలన్నిటినీ కప్పేస్తుంది. విస్కీకి 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉండటం మంచిది. గది చల్లబడకపోతే మూత బిగించిన సీసాను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి తీయవచ్చు కాని, గ్లాసులో ఐసు వేయకూడదు. ఐసు వేస్తే వాసనలు అణగిపోతాయి, నాలుక తిమ్మిరెక్కుతుంది. విందులో ఐసు, సోడా వేసుకోవడం ఎవరి ఇష్టం వారిది, పరీక్షలో మాత్రం వాటికి చోటు లేదు.

వంటింట్లో పోపు పెట్టిన వెంటనే, పూజ గదిలో అగరుబత్తి వెలిగించిన తరువాత, ఫినాయిల్‌తో నేల తుడిచిన గంటలో ఈ పనికి కూర్చోకూడదు. సెంటు, అత్తరు పూసుకోకూడదు. బిర్యానీ, మిర్చి బజ్జీ, పాన్, జర్దా, ఇరానీ చాయ్ వంటివి తీసుకుని కనీసం రెండు గంటలు గడవాలి. చికెన్ 65, వేయించిన పల్లీల పళ్లాలు కాగితం మీద చివరి వాక్యం రాశాకే బల్ల మీదికి రావాలి. మధ్యలో నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పులేని బ్రెడ్డు ముక్క, మంచినీళ్లు చాలు. వీలైతే సెలవు రోజున మధ్యాహ్న భోజనానికి ముందు సమయం పెట్టుకోవాలి. ఆకలి కొద్దిగా మొదలైనప్పుడు ముక్కు బాగా పనిచేస్తుంది. కాని పూర్తిగా ఖాళీ కడుపుతో కూర్చోకూడదు, పొద్దున టిఫిన్ తిని ఉండాలి.

గ్లాసు విషయంలో రాజీ పడవద్దు. బార్లలో ఇచ్చే వెడల్పాటి గ్లాసు వాసనను చెదరగొడుతుంది. అడుగున పొట్ట, పైన సన్నని మూతి ఉన్న తులిప్ ఆకారపు గ్లాసు వాసనను పోగుచేసి ముక్కుకు అందిస్తుంది. గ్లెన్‌కెయిర్న్ అనే పేరుతో అమ్మే గ్లాసు ఇందుకోసమే రూపొందింది. అది దొరకకపోతే చిన్న వైన్ గ్లాసుతో పని జరుగుతుంది. అన్ని గ్లాసులూ ఒకే ఆకారంలో ఉండటం గ్లాసు ఖరీదుకన్నా ముఖ్యం. సబ్బు వాసన పోయేదాకా వేడినీళ్లతో కడిగి, బోర్లించి గాలికి ఆరబెట్టాలి. తుడిచిన గుడ్డ వాసన గ్లాసుకు పట్టుకుంటే ఆ పూట పని చెడుతుంది.

నగరంలోని బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన ఉంటుంది. విస్కీలో కలపడానికి రెండూ పనికిరావు. లవణాలు తక్కువగా ఉన్న ప్యాకేజ్డ్ నీళ్లు వాడాలి, ప్రతిసారీ ఒకే రకం వాడాలి. కొలతకు మందుల షాపులో దొరికే 5 మిల్లీలీటర్ల సిరంజి, సూది తీసేసి వాడితే, చక్కగా సరిపోతుంది.

ముక్కుకు అక్షరాభ్యాసం

సమీక్షలు పేలవంగా ఉండటానికి నాలుక మొద్దుదనం అరుదుగా కారణమవుతుంది. వాసన తెలుస్తూనే ఉంటుంది, పేరు అందదు. విదేశీ సమీక్షల్లో టాఫీ, హెదర్ పువ్వు, ఫ్రూట్ కేక్ అని చదివి వాటినే తిరిగి రాస్తే, ఆ పువ్వును ఎన్నడూ వాసన చూడని మన పాఠకుడికి ఏమీ అందదు. మన ముక్కుకు తెలిసిన వాసనలు మన బజారులో ఉన్నాయి.

బేగంబజారులో ఒక గంట తిరిగితే సాధనకు కావలసిన సరంజామా అంతా దొరుకుతుంది: లవంగాలు, దాల్చిన చెక్క, జాజికాయ, యాలకులు, ఎండు కొబ్బరి, ఎండు ద్రాక్ష, ఖర్జూరం, ఎండు ఖుబానీ, అక్రోట్, తాటిబెల్లం. వీటికి ఇంట్లో ఉన్న తేనె, కాఫీ పొడి, వెనీలా ఎసెన్స్, మాగిన అరటిపండు, ఆపిల్ ముక్క, నారింజ తొక్క, సాంబ్రాణి, ఒక చుక్క డెట్టాల్ చేర్చాలి. ఒక్కోదాన్ని చిన్న మూత డబ్బాలో వేసి, కళ్లు మూసుకుని, ఇంట్లో వాళ్లు అందించిన డబ్బా ఏదో వాసనతోనే చెప్పాలి. వినడానికి సులువుగా ఉంటుంది కాని, జాజికాయను గుర్తుపట్టడం మొదటి రోజుల్లో చాలామందికి కష్టమే. రోజూ పది నిమిషాలు కూర్చుంటే కొద్ది వారాల్లో పేర్లు నోటికి వస్తాయి.

ఈ వాసనలకూ విస్కీకీ ఉన్న సంబంధం ఊహ కాదు. ఓక్ చెక్కలోని లిగ్నిన్ వేడికి విడిపోయి వెనిలిన్ ఇస్తుంది, అదే వెనీలా వాసన. ఓక్‌లో ఉండే లాక్టోన్లు ఎండు కొబ్బరి వాసననిస్తాయి. అమెరికన్ తెల్ల ఓక్‌లో అవి బాగా ఎక్కువ. లవంగంలో ఉండే యూజినాల్ కాల్చిన ఓక్ నుంచి కూడా వస్తుంది. పులియబెట్టేటప్పుడు ఈస్టు తయారు చేసే ఎస్టర్లలో ఒకటి అచ్చంగా మాగిన అరటిపండు వాసన వేస్తుంది, మరొకటి ఆపిల్‌ను గుర్తుచేస్తుంది. స్కాట్లాండ్‌లో పీట్ అనే బురదనేల ఇంధనాన్ని మండించి ఆ పొగతో బార్లీని ఆరబెట్టినప్పుడు ఫీనాల్స్ ధాన్యానికి పట్టుకుంటాయి. కట్టెల పొయ్యి పొగ, ఆసుపత్రి వాసన అక్కడి నుంచే వస్తాయి. కనుక సమీక్షలో "డబుల్ కా మీఠా పైన మాడిన చక్కెర", "ఖుబానీ కా మీఠా రసం" అని రాయడానికి వెనుకాడనక్కర లేదు. హైదరాబాదు పాఠకుడికి అంతకన్నా కచ్చితమైన వర్ణన ఉండదు.

గ్లాసు చేతికి వచ్చాక

రంగు చూడండి, కాని మార్కులు వేయకండి. బోర్బన్ రంగు పూర్తిగా పీపాదే. స్కాచ్‌లో క్యారమెల్ కలపడానికి అనుమతి ఉంది కనుక ముదురు రంగు వయసుకు సాక్ష్యం కాదు. గ్లాసు గోడల మీద జారే ధారలు ఆల్కహాల్ బలాన్ని కొంతవరకు చెబుతాయి, నాణ్యతను చెప్పవు.

పోసిన తరువాత పది నిమిషాలు గ్లాసును వదిలేయాలి. వైన్‌ను తిప్పినట్టు గిరగిరా తిప్పితే ఆల్కహాల్ ఎగదన్ని ముక్కు చురుక్కుమంటుంది. గ్లాసును ముందు గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, మెల్లగా పైకి తేవాలి. గట్టిగా ఒక్కసారి పీల్చకుండా మూడు చిన్న చిన్న శ్వాసలు తీసుకోవాలి. ఒక ముక్కుపుటం తరువాత మరో ముక్కుపుటం దగ్గర పెట్టి చూడాలి, రెండూ ఒకేలా పనిచేయవు. ముక్కు అలసినప్పుడు సొంత ముంజేతి వాసన చూసుకుంటే మళ్లీ తేరుకుంటుంది. తోచిన మొదటి మాటను, ఎంత వింతగా ఉన్నా, వెంటనే కాగితం మీద పెట్టాలి.

మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోవద్దు. అది నోటిని ఆల్కహాల్‌కు అలవాటు చేయడానికే. రెండో గుక్క, అర చెంచా కన్నా తక్కువ, నాలుక మీద వేసుకుని నెమ్మదిగా నమిలినట్టు నోరంతా తిప్పాలి. ముందు ఏ రుచి వచ్చింది, మధ్యలో ఏం మారింది, చేదూ వగరూ ఎక్కడ తగిలాయి, నోటికి పల్చగా ఉందా నూనెలా చుట్టుకుందా అని గమనించాలి. మింగాక లేదా ఉమ్మాక నోరు మూసి ముక్కుతో గాలి వదలాలి. గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే ఆ గాలిలోనే అసలు రుచి ఎక్కువగా ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా పట్టుకోవాలి. ఆ తరువాత నోట్లో మిగిలే రుచి, అంటే ఫినిష్, ఎంతసేపు నిలిచిందో గడియారం చూసి రాసుకోవాలి. ఎంతసేపు అన్నదానితోపాటు ఏ రుచిగా ముగిసిందో కూడా రాయాలి. పొడవుగా మిగిలిన చేదు గొప్ప గుణం కాదు.

ఇక నీళ్లు. 15 మిల్లీలీటర్ల 42.8 శాతం విస్కీలో 5 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే బలం సుమారు 32 శాతానికి దిగుతుంది. నీళ్లు కలపడం విస్కీని అవమానించడం అన్న నమ్మకం మన దగ్గర ఉంది, అందులో అర్థం లేదు. స్కాట్లాండ్‌లో మాస్టర్ బ్లెండర్లు విస్కీని సుమారు 20 శాతానికి పలుచన చేసి, ఎక్కువగా ముక్కుతోనే పరీక్షిస్తారు. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపించినది కూడా ఇదే దిశలో ఉంది: పొగ వాసనకు కారణమైన గ్వాయకాల్ అణువులు ఆల్కహాల్ శాతం తగ్గినప్పుడు ద్రవం పైభాగానికి చేరతాయి. నీళ్లకు ముందు ఏముందో రాసి, తరువాత కలిపి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ రాయాలి. కొన్ని విస్కీలు నీళ్లతో విప్పారతాయి, కొన్ని కూలిపోతాయి. సమీక్ష చదివేవారు ఎక్కువగా తెలుసుకోగోరేది ఇదే.

వేర్వేరు బలాలున్న సీసాలను పోల్చేటప్పుడు ముందుగా బలాలను సమం చేయాలి. 50 శాతం ఉన్న బోర్బన్ 15 మిల్లీలీటర్లకు రెండున్నర మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 42.8 శాతానికి వస్తుంది. ఈ పని చేయకపోతే బలమైనదే "రుచి ఎక్కువ" అనిపించి తీర్పు పక్కదారి పడుతుంది.

మొదటి జత: రెండు బోర్బన్లు

సాధన బోర్బన్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. కొత్త కాల్చిన పీపా వల్ల దాని వాసనలు స్పష్టంగా, పెద్ద అక్షరాలతో రాసినట్టు ఉంటాయి. జిమ్ బీమ్ వైట్ లేబుల్, మేకర్స్ మార్క్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి. రెంటిలోనూ మొక్కజొన్నే ప్రధానం. తేడా రెండో ధాన్యంలో ఉంది: జిమ్ బీమ్‌లో రై (గోధుమ జాతికి దగ్గరి ధాన్యం, ఆవాలు కాదు), మేకర్స్ మార్క్‌లో గోధుమ.

జిమ్ బీమ్ వాసనలో నాకు ముందు తగిలేది వేయించిన పల్లీ, ఆ వెనుక వెనీలా, కాస్త పచ్చి చెక్క. నోట్లో తీపి త్వరగా వచ్చి, మిరియపు చురుకు దాని మీదికి ఎక్కి, ఫినిష్ పొట్టిగా, కొంచెం వగరుగా ముగుస్తుంది. మేకర్స్ మార్క్ దగ్గరికి వస్తే మాడిన చక్కెర, బెల్లం పాకం, వెన్న రాసి కాల్చిన బన్ను. రై చురుకు లేని చోట గోధుమ మెత్తదనం తెలుస్తుంది. ఒక్కో సీసాను విడిగా తాగినవారికి ఈ తేడా "ఒకటి స్మూత్" అన్న మాట దగ్గర ఆగిపోతుంది. పక్కపక్కన చూసినవారికి ఆ మెత్తదనం ఏ ధాన్యం వల్ల వచ్చిందో కూడా తెలుస్తుంది. చవక బోర్బన్‌ను తక్కువగా చూడకండి. దాని ధరలో అది ఇవ్వగలిగిన వెనీలా, తీపి ఏ పన్నెండేళ్ల బ్లెండూ ఇవ్వదు, ఎందుకంటే స్కాచ్ ఎక్కువగా ఆ బోర్బన్ ఖాళీ చేసిన పాత పీపాల్లోనే పెరుగుతుంది. బోర్బన్‌కు ప్రతిసారీ కొత్త పీపా కావాలన్న అమెరికా చట్టమే స్కాట్లాండ్‌కు లక్షల పాత పీపాలను అందిస్తోంది.

బ్లెండ్ల దగ్గర కూర్పును వెతకడం

బ్లెండ్‌ను సింగిల్ మాల్ట్‌కు పేదబంధువుగా చూసే అలవాటు ఈ మధ్య నగరంలో బాగా పెరిగింది. అది అన్యాయమని నేను నమ్ముతాను. సింగిల్ మాల్ట్ ఒక డిస్టిలరీ స్వభావాన్ని చూపిస్తే, బ్లెండ్ పదుల కొద్దీ విస్కీలను ఒక్కటిగా నిలబెట్టే పనితనాన్ని చూపిస్తుంది. బ్రిటన్‌లో 1860 నాటి చట్టం మాల్ట్, గ్రెయిన్ విస్కీలను కలపడానికి దారి తెరిచింది. స్కాచ్ ప్రపంచమంతటా పాకింది ఆ తరువాతే. అంతకుముందు 1830లో ఈనియస్ కాఫీ పేటెంట్ పొందిన నిలువు బట్టీ గ్రెయిన్ విస్కీని ఆగకుండా తయారు చేయడానికి వీలు కల్పించింది.

ముందుగా టీచర్స్ హైలాండ్ క్రీమ్‌నూ, జానీ వాకర్ బ్లాక్ లేబుల్ 12నూ పక్కపక్కన పెట్టండి. టీచర్స్‌లో ఆర్డ్‌మోర్ డిస్టిలరీ పొగ మాల్ట్ ప్రధానం కనుక తక్కువ ధరలో పొగ వాసనను నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సీసా లేదు. పొగ ముందుకు వచ్చి నిలబడుతుంది, ధాన్యపు గరుకుదనం కూడా దాగదు. బ్లాక్ లేబుల్‌లో పొగ వెనక్కి తగ్గి, ఎండు ద్రాక్షకూ వెనీలాకూ అంచులా ఉంటుంది. పొగ ఎంత ఉందని కాకుండా, ఎక్కడ ఉందని అడగాలి. మంచి బ్లెండ్‌లో ఒక రుచి ముగిసి మరో రుచి మొదలయ్యే అతుకు నాలుకకు తెలియకూడదు. అతుకు తెలిసిన చోటును గుర్తించి రాయడమే బ్లెండ్ సమీక్షకుడి ముఖ్యమైన పని.

తరువాతి మెట్టు ఏళ్లు నిండినవి: షివాస్ రీగల్ 12 పక్కన 18, లేదా బ్యాలంటైన్స్ 17, వీలైతే రాయల్ సెల్యూట్ 21. చివరిది రెండో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం జరిగిన 1953లో వచ్చింది. 21 తుపాకుల వందనం నుంచి దాని పేరూ వయసూ వచ్చాయి. ఒకే సంస్థ 12, 18 ఏళ్ల సీసాలను పోల్చడం వల్ల వయసు ఏం చేస్తుందో విడిగా కనబడుతుంది. షివాస్ 12లో ఆపిల్, తేనె, లేత వెనీలా తేలికగా ఉంటాయి. 18కి వచ్చేసరికి పండు ఎండుతుంది. ఆపిల్ ఉన్న చోట ఖుబానీ, నల్ల ద్రాక్ష, చేదు చాక్లెట్ చేరతాయి, ఫినిష్ రెట్టింపు నిలుస్తుంది. పాత గ్రెయిన్ విస్కీ ఇచ్చే ఎండు కొబ్బరి, మీగడ వంటి నునుపు కోసం నాలుక మధ్యభాగంలో వెతకండి. ఖరీదైన బ్లెండ్‌లో చాలామంది గుర్తించకుండా దాటిపోయే గుణం అది.

వయసు పెరిగినకొద్దీ రుచి పెరిగి తీరుతుందని మాత్రం అనుకోకూడదు. ఎక్కువ ఏళ్లు పీపాలో ఉన్న విస్కీకి చెక్క వగరు పట్టి, పండు వాసన మాయం కావచ్చు. పైగా ఏడాది అన్న కొలత అన్ని చోట్లా ఒకటి కాదు. స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరులోని అమృత్ డిస్టిలరీలో అది 10 శాతం దాటుతుంది. మన వేడిలో చెక్కకూ విస్కీకీ మధ్య మార్పిడి చాలా వేగంగా జరుగుతుంది కనుక నాలుగైదేళ్ల భారతీయ సింగిల్ మాల్ట్‌ను నాలుగైదేళ్ల స్కాచ్ లెక్కలో చూడకూడదు. 2004లో అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను గ్లాస్గోలో విడుదల చేసిన తరువాత ఈ సంగతి ప్రపంచానికి తెలిసివచ్చింది.

వరుస విషయంలో ఒకే నియమం: తేలికైనది ముందు, పొగ ఉన్నది అన్నిటికన్నా చివర. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి నుంచి వచ్చే ఆర్డ్‌బెగ్, లఫ్రోయిగ్ వంటి గట్టి పొగ విస్కీలను తాగిన నోటికి ఆ పూట షివాస్ 18 మంచినీళ్లలా ఉంటుంది. బోర్బన్‌నూ స్కాచ్‌నూ ఒకే పూట చూడవలసి వస్తే మధ్యలో అరగంట విరామం ఇవ్వాలి; బోర్బన్ తీపి నాలుక మీద ఉండగా స్కాచ్ పల్చగా, పుల్లగా అనిపిస్తుంది.

పేరు తెలియకుండా చూడటం

ఇంతవరకూ చెప్పినదంతా చేసినా, సీసా కళ్ల ముందు ఉన్నంతవరకు ధర మన చేత అబద్ధం చెప్పిస్తుంది. ఇంట్లో ఒకరిని పిలిచి, గ్లాసుల అడుగున క, చ, ట అని కాగితం అంటించి, ఏది ఏదో వారి దగ్గరే రాసి పెట్టుకోమనండి. అందులోనూ అన్నిటికన్నా కఠినమైన పరీక్ష మూడు గ్లాసులది: రెండింటిలో ఒకే విస్కీ, ఒకదానిలో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి నిజమవుతుంది కనుక ఒక్క గెలుపును నమ్మవద్దు. వేర్వేరు రోజుల్లో వరుసగా నాలుగుసార్లు సరిగ్గా చెబితే, అది అదృష్టం వల్ల జరిగే అవకాశం 81లో ఒకటి మాత్రమే. 12 ఏళ్ల బ్లెండ్‌నూ 18 ఏళ్ల బ్లెండ్‌నూ ఈ పరీక్షలో వేరు చేయలేనంతవరకు వాటి మధ్య తేడా గురించి పాఠకులకు రాసే హక్కు సమీక్షకుడికి రాదు.

సమీక్ష రాయడం

నేను వాడే మార్కుల పద్ధతి వాసనకు 30, రుచికి 30, ఫినిష్‌కు 20, పొందికకు 20. ధరను ఈ లెక్కలో కలపను, విడిగా ఒక వాక్యంలో చెబుతాను. ధర మారుతుంది, ఒక రాష్ట్రంలో ఒకటి, మరో రాష్ట్రంలో మరొకటి, గ్లాసులోనిది మారదు. ప్రతి సీసాకూ 90 ఇచ్చే సమీక్షకుడి మార్కులకు అర్థం ఉండదు. లోపం లేని సాధారణ విస్కీని 70 దగ్గర నిలబెట్టి, అక్కడి నుంచి పైకీ కిందికీ కొలవాలి. తడిసిన అట్టపెట్టె వాసన (కార్క్ చెడినప్పుడు వస్తుంది), కాల్చిన అగ్గిపుల్ల వాసన (గంధకం పొగ పెట్టిన పీపాల వల్ల వస్తుంది), సబ్బు రుచి వంటి లోపాలుంటే మొహమాటం లేకుండా రాయాలి. అయితే అదే విస్కీని మరో సీసా నుంచి చూశాకే ఆ మాటను తీర్పుగా మార్చాలి.

సమీక్ష ఎలా ఉండాలో ఒక నమూనా చూపిస్తాను.

"జానీ వాకర్ బ్లాక్ లేబుల్, 12 ఏళ్లు. హైదరాబాదులో కొన్న సీసా, తెరిచి రెండు వారాలు, మూడొంతులు నిండి ఉంది. పేరు తెలియకుండా, టీచర్స్ పక్కన, తులిప్ గ్లాసులో చూశాను. వాసన: ఎండు ద్రాక్ష, నారింజ తొక్క, వెనీలా, చల్లారిన పొయ్యిలోని బూడిద లాంటి పొగ, దూరంగా. 24. రుచి: తేనె తీపితో మొదలై, మధ్యలో దాల్చిన చెక్క, చివర కాస్త మాల్ట్ చేదు, నోటికి మరీ చిక్కగా లేదు. 24. ఫినిష్: పొగ, లవంగం, అర నిమిషం పైగా; తరువాత కొద్దిగా పొడిబారుతుంది. 15. పొందిక: పొగకూ తీపికీ మధ్య అతుకు తెలియదు. 17. మొత్తం 80. మూడో వంతు నీళ్లు కలిపితే నారింజ ముందుకు వస్తుంది, పొగ ఇంకాస్త విప్పారుతుంది, కాని మధ్యభాగం పలుచనవుతుంది. రెండు మూడు చుక్కలు చాలు."

ఇందులో "అద్భుతం", "రాజసం" వంటి మాటలు లేవని గమనించండి. పొగడ్త మార్కుల్లో ఉంటుంది, వాక్యాల్లో ఆధారం ఉండాలి. ప్రతి వాసనకూ ఒక వస్తువు పేరు ఉండాలి. "సంక్లిష్టంగా ఉంది" అనాలనిపించినప్పుడల్లా ఏ నాలుగు రుచులు ఉన్నందున అలా అనిపించిందో ఆ నాలుగింటినే రాయాలి.

ఒక్క రోజు చూసి మార్కులు ఖాయం చేయకూడదు. జలుబు, నిద్రలేమి, అంతకుముందు రాత్రి తిన్న కారం అన్నీ ముక్కు మీద పనిచేస్తాయి. కనీసం మూడు వేర్వేరు రోజుల్లో చూసి, మూడు కాగితాల్లోనూ కనబడిన వాసనలనే సమీక్షలోకి తీసుకోవాలి. పని పూర్తయ్యాక గ్లాసులను కడగకుండా రాత్రంతా వదిలేసి, పొద్దున ఎండిపోయిన గ్లాసు వాసన చూడండి. ఆల్కహాల్ పోయాక అడుగున మిగిలిన చెక్క, బెల్లం, పొగ విడివిడిగా తెలుస్తాయి, నిన్నటి కాగితాన్ని సరిచూసుకోవడానికి అవి పనికివస్తాయి.

సీసాను నిలబెట్టి ఉంచాలి, వైన్‌లా పడుకోబెడితే బలమైన ఆల్కహాల్ కార్క్‌ను తినేస్తుంది. ఎండ తగలని అలమారా చాలు, ఫ్రిజ్ అవసరం లేదు. సగానికి దిగిన సీసాలో గాలి పెరిగి, కొద్ది నెలల్లో రుచి మెల్లగా మారుతుంది. పొగ విస్కీల్లో పొగ తగ్గడం నాకు చాలా స్పష్టంగా తెలిసింది. అందువల్ల కొత్త సీసా తెరిచిన రోజునే 50 మిల్లీలీటర్లు చిన్న గాజు సీసాలో మూతి దాకా నింపి, తేదీ రాసి దాచుకోవాలి. పెద్ద సీసా పావుకు దిగినప్పుడు ఆ చిన్న సీసా తెరిచి రెంటినీ పక్కపక్కన చూసి, మార్కులు మారితే సమీక్ష కింద తేదీ వేసి ఆ మార్పును చేర్చాలి.